నన్ను అడిగితే 1054 అంటాను

మధ్యయుగంలో ఏ ఒక్క ఏడాదిని తీసుకుంటే ప్రపంచమంతటా పెద్ద సంఘటనలు కనిపిస్తాయని అడిగారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నేను 1054 అంటాను, అందుకు కారణం ఒక చుక్క.

ఆ జూలై 4న చైనాలో సోంగ్ చక్రవర్తి కొలువులోని జ్యోతిష్కులు వృషభరాశి కొమ్ము దగ్గర అంతకుముందు లేని నక్షత్రాన్ని చూసి, 'అతిథి నక్షత్రం' అని నమోదు చేశారు. శుక్రుడిలా 23 రోజులు పట్టపగలే కనిపించిన ఆ చుక్క, రాత్రిళ్ళు 1056 ఏప్రిల్ దాకా నిలిచింది. అది పగలు వెలుగుతున్న రోజుల్లోనే, జూలై 16న, కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్)లోని హాగియా సోఫియా చర్చిలో ఆరాధన జరుగుతుండగా, రోమ్ నుంచి వచ్చిన కార్డినల్ హంబర్ట్ అక్కడి మతాధిపతి మైఖేల్ సెరులారియస్‌ను వెలివేస్తున్న పత్రాన్ని బలిపీఠం మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయనను పంపిన పోప్ తొమ్మిదవ లియో ఏప్రిల్‌లోనే కన్నుమూశాడు. ప్రసాదపు రొట్టె పులిసినదై ఉండాలా, పులియనిదా అన్నది కూడా రోమ్, కాన్‌స్టాంటినోపుల్ చర్చిల మధ్య ఆ తగవులో ఒక భాగం. ఆ వెలివేతలను ఇరుపక్షాలూ ఉపసంహరించుకున్నది 1965లో!

నేటి ఉక్రెయిన్‌లోని కీవ్‌ను ఏలిన యారోస్లావ్ మరణించిందీ ఆ ఏడాదే. మన దక్షిణాన, దాదాపు అదే సమయంలో, కొప్పం యుద్ధంలో కల్యాణి చాళుక్యులతో పోరాడుతూ రాజాధిరాజ చోళుడు ఏనుగు మీదే ప్రాణాలు విడిస్తే, తమ్ముడు రెండవ రాజేంద్రుడు రణరంగంలోనే పట్టం కట్టుకున్నాడు. ఆ చోళుల అల్లుడే మన రాజరాజనరేంద్రుడు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాల్లో ఉండడం వల్ల, ఒకే కాలంలో జరిగాయన్న ఊహే పిల్లలకు రాదు. ముప్పై ఏళ్ళు ఆ పుస్తకాలతోనే వేగాను.

ఆ చుక్క పేలిపోగా మిగిలిన వాయుమేఘమే నేటి క్రాబ్ నెబ్యులా. ఒక డిసెంబరు రాత్రి రాజమండ్రిలో మా డాబా మీద ఆరంగుళాల టెలిస్కోప్ పెట్టి, వీధి దీపాలను తిట్టుకుంటూ గంటసేపు వెతికి, దాన్ని పక్కింటి కుర్రాడికి చూపించాను. వాడు కన్ను ఆనించి, "మాస్టారూ, అద్దం మీద వేలిముద్ర పడినట్టుందండీ, తుడవనా?" అన్నాడు. అదే చూడవలసినదని చెప్పాక మళ్ళీ చాలాసేపు చూసి, "నన్నయ గారు చూశారంటారా?" అని అడిగాడు. చూశారనే చెప్పాను. జూలైలో ఇక్కడ మబ్బు పట్టి ఉంటుంది కదా అని వాళ్ళ నాన్న అడ్డుతగిలాడు. జూలై సంగతి అటుంచి, 1054, 1055 శరత్తులు రెండింటిలోనూ ఆ చుక్క రాత్రి ఆకాశంలో ఉంది; అరణ్యపర్వంలో నన్నయ కలం ఆగినది 'శారదరాత్రులు' అన్న పద్యం దగ్గర, అందులో వర్ణించినవి మెరిసే తారల హారాలు. ఆ పద్యం ఆకాశం వంక చూడకుండా రాసినదంటే నేను ఒప్పుకోనని ఆయనతోనూ అన్నాను.