తమ్ముడికి మూర్ఛ, అక్కకి పరిశోధన మీద మనసు: ఎంబీబీఎస్ ఒక్కటే దారా?

ప్రశ్న: మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. బాబుకి ఎనిమిదేళ్లు. ఏడో నెలలో జ్వరంతో ఫిట్స్ మొదలయ్యాయి. మొదట వాడిన మాత్రలతో ఇంకా ఎక్కువయ్యాయి. తర్వాత విశాఖలో డాక్టరుగారు జన్యు పరీక్ష చేయించి, ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం ఉందని మందు మార్చారు. ఇప్పుడు బాగా తగ్గాయి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఆ రిపోర్టు చదివిన దగ్గర్నుంచి మెదడు కణాల మీద పరిశోధన చేస్తానంటోంది. డాక్టరైతేనే పదిమందికి పనికొస్తుందని నేను నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరమంటున్నాను. కణాల చదువుకీ జబ్బు తగ్గడానికీ సంబంధం ఉందా? దానికి ఉద్యోగం ఉందా? మీ అభిప్రాయం చెప్పండి. మా ఆవిడేమో ఈ జబ్బు తనవల్లే వచ్చిందని కుమిలిపోతోంది.

జవాబు: నమస్కారమండీ. చదువు సంగతి తర్వాత, ముందు మీ ఇంటావిడకి ఈ మాట చదివి వినిపించండి. ఈ జన్యులోపంతో చిన్నతనంలోనే తీవ్రమైన ఫిట్స్ వచ్చే పిల్లల్లో చాలామందికి అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది కాదు. ఆ బిడ్డలోనే కొత్తగా పుట్టిన మార్పు. కడుపుతో ఉన్నప్పుడు ఆమె తిన్నది, చేసిన పని, చూసిన గ్రహణం, ఏదీ దీనికి కారణం కాదు. మీ ఇంట్లో ఎలా వచ్చిందో ఖాయంగా తెలియాలంటే మీ ఇద్దరి రక్తం కూడా పరీక్షిస్తే తేలుతుంది, ఆ డాక్టరుగారినే అడగండి.

ఇక సంబంధం ఉందా అన్నారు. మందు మార్చాక తగ్గాయని మీరే రాశారు కదా. ఆ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే మీకు జవాబు దొరుకుతుంది.

నాడీకణం పైపొర నిండా కంటికి కనిపించనంత సన్నని తూములుంటాయి. మీరు మడికి నీళ్లు పెట్టేటప్పుడు తూము ఎత్తి దించినట్టే అవీ తెరుచుకుని మూసుకుంటాయి, కాకపోతే సెకనులో వెయ్యోవంతు కాలంలో. సోడియం తూములు తెరుచుకుంటే కణం పలుకుతుంది, అంటే విద్యుత్ సంకేతం పంపుతుంది. ఆ వెంటనే పొటాషియం బయటికి పోయి సద్దుమణుగుతుంది. ఈ లెక్కంతా 1952లో ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు తేల్చారు. 1963లో నోబెల్ వచ్చింది. వాళ్లు పనిచేసింది ఏ రోగి మీదా కాదు, స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద. విశాఖ రేవులో వలల్లో పడే స్క్విడ్‌కి అది చుట్టమే. దాని నరపోగు ఒకటి దాదాపు అర మిల్లీమీటరు లావుంటుంది కాబట్టి లోపలికి సన్నని తీగ దూర్చి కొలవగలిగారు. మూర్ఛకి మందు కోసం చేసిన పని కాదది. కానీ ఆ తర్వాత మూర్ఛ గురించి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ పునాది మీదే నిలబడింది.

మెదడులో ఉసిగొల్పే కణాలుంటాయి, పగ్గం పట్టే కణాలుంటాయి. మొదటివి గ్లుటమేట్ అనే రసాయనంతో పక్క కణాన్ని లేపితే, రెండోవి గాబా అనే రసాయనంతో ఊరుకోబెడతాయి. ఎడ్ల బలం, బండివాడి పట్టు రెండూ సరిపోయినంత సేపే బండి దారిలో నడుస్తుంది. ఆ పట్టు తప్పి ఒకచోట కణాలన్నీ ఒక్కసారిగా పలకడం మొదలుపెడితే అదే ఫిట్. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటి మాత్రలు సోడియం తూముల్ని కొంత బిగించి ఎడ్ల జోరు తగ్గిస్తాయి. 1938 నుంచి ఫెనిటాయిన్ ఎంతోమందికి మేలు చేస్తూనే ఉంది.

ఇప్పుడు మీ బాబు జన్యువు. ఫ్రాన్సులో షార్లట్ డ్రావే అనే డాక్టరమ్మ 1978లో ఒక రకం మూర్ఛని విడిగా గుర్తించారు. పసితనంలో జ్వరంతో మొదలై మామూలు మందులకి లొంగనిది. అలాంటి పిల్లల్లో ఎస్‌సీఎన్1ఏ లోపం ఉందని 2001లో బెల్జియం శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. (మీ బాబుది అదేనా కాదా అని నేను చెప్పకూడదు, అది డాక్టరుగారు చెప్పాల్సిన మాట.) అక్కడ ఒక చిక్కుముడి పడింది. ఆ జన్యువు సోడియం తూముని తయారుచేసేది. తూములు సగం పాడైతే మెదడు నెమ్మదించాలి గాని, ఫిట్స్ ఎందుకు రావాలి? 2006లో అమెరికాలోని సియాటిల్‌లో విలియం కాటరాల్ బృందం అదే లోపమున్న ఎలుకల మెదడు కణాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి ముడి విప్పింది. ఉసిగొల్పే కణాలు దాదాపు మామూలుగానే ఉన్నాయి. సోడియం ప్రవాహం పడిపోయింది పగ్గం పట్టే కణాల్లో. అంటే ఎడ్లు బాగానే ఉన్నాయి, బండివాడి చేతులు పడిపోయాయి. అలాంటి బిడ్డకి సోడియం తూముల్ని బిగించే మాత్ర వేస్తే ఆ చేతుల్లో మిగిలిన సత్తువ కూడా పోతుంది. మాత్రలతో ఫిట్స్ ఎందుకు పెరుగుతాయో అప్పుడు అర్థమైంది. ఇది చదివి మీరుగాని, మీకు తెలిసినవాళ్లుగాని మాత్రలు సొంతంగా ఆపకండి. ఒకరికి చెరుపు చేసిన మాత్రే ఇంకొకరిని కాపాడుతుంటుంది.

విశాఖ డాక్టరుగారి చేతికి ఆ తెలివిడి అందించింది చాలావరకు స్టెతస్కోపు పట్టని మనుషులండీ. డాక్టరైతేనే పదిమందికి పనికొస్తుందని మీరన్నారు. మీ గుమ్మంలోనే దానికి జవాబు ఉంది.

అయితే మీ అమ్మాయికి మరో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆమెకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. పరిశోధన ప్రతిసారీ ఇలా ఫలించదు. పెద్దవాళ్ల మెదడులో ఊరుకోబెట్టే గాబా, అప్పుడే పుట్టిన పసికందుల్లో కొన్ని కణాల్ని రెచ్చగొడుతుంది, ఎందుకంటే ఆ కణాల లోపల క్లోరైడ్ ఎక్కువ. ఆ క్లోరైడ్‌ని తగ్గిస్తే పసిపిల్లల ఫిట్స్ ఆగుతాయని బుమెటనైడ్ అనే మందు మీద ఎంతో ఆశపడ్డారు. ఎలుకల్లో బాగుంది. యూరప్‌లో శిశువుల మీద పరీక్షిస్తే ఫిట్స్ అనుకున్నంత తగ్గలేదు, పైగా వినికిడి దెబ్బతింటోందన్న భయంతో ఆపేశారు. ఆ ఫలితం 2015లో వెలువడింది. ఏళ్ల తరబడి పడ్డ శ్రమకి వచ్చిన జవాబు ‘కాదు’. ఆ జవాబుని కూడా విలువైనదిగా తీసుకుని మర్నాడు మళ్లీ ప్రయోగశాలకి వెళ్లగలిగే ఓపిక కావాలి.

దారుల సంగతికి వద్దాం. ఇంటర్ బైపీసీతో నేరుగా ఐసర్‌లలో, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థల్లో, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కి వెళ్లొచ్చు. 2015 నుంచి తిరుపతిలోనూ ఉంది. ప్రవేశ పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్ నాలుగూ సమానంగా, తలా 15 ప్రశ్నలు. బైపీసీ పిల్లలు తడబడేది మ్యాథ్స్‌లోనే. ఆ గండం పరీక్షతో పోదు కూడా. ఒకే ఒక్క తూము గుండా పోయే విద్యుత్తుని కొలిచే పద్ధతిని 1976లో కనిపెట్టిన ఇద్దరిలో ఎర్విన్ నేయర్ ఫిజిక్స్ చదివినవాడు. కణాల భాష సగం లెక్కల్లోనే ఉంటుంది. మ్యాథ్స్ అంటే పారిపోయే మనిషైతే ఈ రంగంలో ఇబ్బంది పడుతుంది. నేర్చుకుంటానంటే మాత్రం పదిహేడేళ్ల వయసు ఏమీ ఆలస్యం కాదు.

ఐసర్ రాకపోయినా దారి మూసుకుపోదు. దగ్గర్లో మంచి కాలేజీలో బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ, సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్ అనే అర్హత పరీక్ష, అక్కడినుంచి పీహెచ్‌డీ. ఇలాంటి పరిశోధన జరిగే సంస్థలు హైదరాబాద్‌లో సీసీఎంబీ, బెంగళూరులో నిమ్‌హాన్స్, ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఆ మానేసర్ కేంద్రాన్ని నిలబెట్టిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారు బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివింది మీ పక్కనున్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. అమ్మాయికి ఈ సంగతి చెప్పండి.

డబ్బు మాట. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. బతకడానికి సరిపోతుంది, ఇల్లు కట్టడానికి చాలదు. స్థిరమైన ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటొచ్చు. పెళ్లి మాట వచ్చినప్పుడు చుట్టాలు ఏమంటారో నాకు తెలుసు, మీరు ఇప్పుడే సిద్ధపడండి. న్యూరాలజిస్టు కావాలన్నా ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం మూడు. సమయంలో తేడా మీరనుకున్నంత లేదు.

నా అభిప్రాయం అడిగారు గనుక చెబుతున్నాను. ఈ ఏడాది నీటూ, ఐసర్ పరీక్షా రెండూ రాయనివ్వండి. నీట్‌లో సీటు వచ్చి ఆమె ఇష్టపడితే మంచిదే, ఎంబీబీఎస్ తర్వాత పీహెచ్‌డీ చేసేవాళ్లూ ఉన్నారు. రాకపోతే మాత్రం లాంగ్‌టర్మ్‌కి బలవంతం చేయకండి. ఆమె మనసు ఇంకోచోట ఉంటే ఆ ఏడాది చదువు ఒంటపట్టదు.

ఒక్క విషయం ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ‘తమ్ముణ్ణి నేనే బాగుచేస్తాను’ అన్న మొక్కుతో ఈ చదువులోకి వెళ్తోందేమో కనుక్కోండి. ప్రేమతో వెళ్తే సంతోషమే. కానీ వాడి జబ్బు బరువు పదిహేడేళ్ల పిల్ల భుజం మీద ఉండకూడదు. వాడి వైద్యం మీరూ డాక్టరుగారూ చూసుకుంటారని ఆమెకి మీ నోటితో చెప్పండి. అప్పటికీ కణాల మీద కుతూహలం అలాగే ఉంటే ఇక సందేహించకండి.

బాబుకి మళ్లీ ఈఈజీ (మెదడులోని విద్యుత్తుని గీతలుగా చూపే పరీక్ష) తీసే రోజు అమ్మాయినీ వెంట తీసుకెళ్లండి. తెర మీద గీతలు కదులుతుంటే ఏది ఏమిటో టెక్నీషియన్‌ని అడగనివ్వండి. తిరుగు బస్సులో ఆమె ఏం మాట్లాడిందో నాకు రాయండి, తర్వాతి సంగతులు అప్పుడు చూద్దాం.