సందేహాలు – సమాధానాలు: తోబా చెరువా, సరస్సా?

సందేహం: ఇండొనేషియాలోని తోబా గురించి మా బడి గోడపత్రికలో ఇలా రాశాం: "తోబా అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన చెరువు. మధ్యలో సమోసిర్ లంక, చుట్టూ ఎత్తయిన గట్టు ఉన్నాయి." బిలం, చెరువు, లంక, గట్టు నాలుగూ తప్పేనని తోటి ఉపాధ్యాయుడు అంటున్నారు. నిజమేనా? మా ఊరి దగ్గరి పంగిడి రాతి క్వారీల్లో నిలిచిన నీటిని అగ్నిపర్వత సరస్సు అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, కొవ్వూరు

సమాధానం: రెండు మాటలు తప్పకుండా మార్చాలి. మిగిలిన రెండింటి విషయంలో మీ సహోద్యోగి కొంచెం కఠినంగా ఉన్నారు.

ముందు "బిలం". లావా, బూడిద బయటికొచ్చే నోరు బిలం. తోబా అలాంటిది కాదు. భారీ విస్ఫోటనంలో కొండ కింది శిలాద్రవం బయటికి పోయి లోపల ఖాళీ అయితే, పైకప్పుకు ఆధారం పోయి నేల కుంగుతుంది. అలా కుంగిన పల్లమే కాల్డెరా. బిలం లోపలివి బయటికి రావడం వల్ల, కాల్డెరా పైది లోపలికి కూలడం వల్ల ఏర్పడతాయి. రెంటినీ ఒకే మాటతో చెబితే పిల్లలకు అసలు విషయమే అందదు. పరిమాణంలోనూ పోలిక లేదు. సుమారు 74,000 ఏళ్ళ కిందటి విస్ఫోటనంతో ఇప్పటి రూపం పొందిన తోబా పొడవు దాదాపు 100 కి.మీ., వెడల్పు 30 కి.మీ. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి అంతర్వేది సముద్రం దాకా సూటిగా కొలిచినా అంత పొడవు రాదు. "కాల్డెరా సరస్సు" అనే రాయండి. రైలు మార్గం, బ్యాంకు ఖాతా లాంటి సమాసమే ఇది, వ్యాకరణానికి ఇబ్బంది లేదు. మొదటిసారి వాడినచోట "కుంగిన అగ్నిపర్వతపు పల్లంలో నిలిచిన సరస్సు" అని ఒక వాక్యం చేర్చండి.

"చెరువు" కూడా మార్చాలి. మనకు చెరువంటే కట్ట, తూము, అలుగు ఉన్నది, లేదా చేపలకోసం తవ్వింది. తోబా ఎవరో కట్ట వేస్తే ఏర్పడింది కాదు. అదనపు నీరు అసహాన్ నదిగా బయటికి పారుతుంది. అమెరికాలోని క్రేటర్ లేక్‌కు ఆ దారీ లేదు. వాన, మంచు నీరే దానికి ఆధారం, పోయేది ఆవిరిగానూ ఇంకుడుగానూ. పేరులో క్రేటర్ (అంటే బిలం) ఉన్నా అదీ కాల్డెరాయే. లోతు 594 మీటర్లు, తోబా లోతు సుమారు 505. చాలాచోట్ల మనిషి లోతు మించని కొల్లేరును చూసినవారికి ఈ అంకెలు తప్పక చెప్పాలి.

"లంక" దగ్గర కాస్త ఆగాలి. గోదావరి లంకలు వరద తెచ్చిన మేటతో పెరుగుతాయి, కోతకు తరుగుతాయి. సమోసిర్ అలా పుట్టలేదు. కుంగిన కాల్డెరా అడుగే లోపలి ఒత్తిడికి మళ్ళీ పైకి లేచింది. ఒకప్పుడు సరస్సు అడుగున పేరుకున్న మట్టి పొరలు ఇప్పుడు దీవి మీద కనిపించడమే దానికి రుజువు. అయితే సరస్సు మధ్య నేలను లంక అనడం మనకు కొత్త కాదు, కొల్లేటి లంకలు ఉండనే ఉన్నాయి. అందుకని వాడుక తప్పు కాదు. కానీ మీ పిల్లలు ఇసుక నేల, అరటితోటలు ఊహించుకుంటారు కాబట్టి "దీవి" మేలు.

"గట్టు"కు కొండ అనే అర్థమూ ఉంది, నిఘంటువు మీ పక్షమే. డెల్టాలో మాత్రం ఆ మాట వినగానే వరద ఆపడానికి పోసిన ఏటిగట్టే గుర్తొస్తుంది. "చుట్టూ నిటారు కొండ అంచు" అంటే అనుమానం ఉండదు. ఆ నిటారుతనం వల్లే నీటిమట్టం పెరిగినా కొల్లేరులా మైళ్ళకొద్దీ పరుచుకోదు.

ఇక పంగిడి. అక్కడి నల్లరాయి నిజంగా లావా గడ్డకట్టిందే. గోదావరికి అటు, రాజమహేంద్రవరం దగ్గరి కాతేరులోనూ అదే రాయి, వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళు. లావా పొరల మధ్య నత్తగుల్లల శిలాజాలున్న సున్నపురాయి కూడా దొరుకుతుంది. కానీ అది పరుచుకున్న లావా, కుంగిన కొండ కాదు. గుంతలు మనుషులు తవ్వినవి. కాబట్టి "క్వారీ గుంత" అనండి. మహారాష్ట్రలోని లోణార్‌ను కూడా కొందరు అగ్నిపర్వత సరస్సని రాస్తున్నారు. రాయి లావాదే అయినా, సుమారు 1.8 కి.మీ. వ్యాసమున్న ఆ గుంత ఉల్క పడి ఏర్పడింది. దాన్ని "ఉల్కాపాత సరస్సు" అనాలి.