గంజాయి మొక్కకు వింత ఆకులొస్తే అది మ్యుటేషనేనా (జన్యువుల్లో వచ్చే మార్పేనా)?

ప్రతిసారీ కాదు, వెలుతురు వేళలు తారుమారవడం కూడా కారణం కావచ్చు. చాలా రకాల గంజాయి పగటి నిడివిని బట్టి పూతకొస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి జర్మనీలో పెద్దలు ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు (మన దగ్గర నేరం). అక్కడ పూతకొచ్చిన మొక్కపై రాత్రిళ్లు కూడా బల్బు వెలుగుతుంటే అది మళ్లీ ఆకుల దశకు మళ్లుతుంది. అప్పుడు ఐదేడు రేకల ఆకు బదులు, అంచున రంపపు పళ్లు లేని, మెలితిరిగిన ఒంటి ఆకు పుడుతుంది. కొన్ని వారాలకు మామూలు ఆకులే వస్తాయి. సగం తెల్లగా, సగం ఆకుపచ్చగా ఉండే ఆకు మాత్రం మ్యుటేషన్ కావచ్చు. వింత ఆకులుంటే మత్తెక్కువనేది ఉత్త అపోహ: మత్తు పదార్థం ప్రధానంగా ఆడపూల జిగురు గ్రంథుల్లో తయారవుతుంది, ఆకు ఆకారంతో దానికి పనిలేదు.