ఐవీఎఫ్‌కు ముందు ఆక్సిడేటివ్ స్ట్రెస్ పరీక్షలు చేయించుకోవాలా?

చిత్తూరు నుంచి తిరుపతికి ఐవీఎఫ్ కోసం తిరుగుతున్న దంపతుల ప్రశ్న ఇది: ఎండీఏ (కణాలకు తగిలిన దెబ్బను కొలిచేది), టోటల్ యాంటీఆక్సిడెంట్ కెపాసిటీ (ఆ దెబ్బను అడ్డుకునే శక్తిని కొలిచేది) పరీక్షలు రాశారు, ఐవీఎఫ్ ఫలితం వీటితో ముందే తెలుస్తుందా?

తెలియదండి. కణాల్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ (పక్కనున్నవాటిని ఇట్టే ఆక్సీకరణ చేసే చురుకైన అణువులు) కొద్దిగా ఉంటే మంచిదే. అండం విడుదలకు, వీర్యకణం అండంలోకి చొరబడటానికి అవి కావాలి. శ్రుతిమించితేనే చిక్కు, దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. వీర్యకణం పైపొరలో ఇట్టే ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ, లోపల కాపాడే ఎంజైములు తక్కువ. ఆ కొవ్వులు దెబ్బతిన్నాక మిగిలేదే ఎండీఏ. దెబ్బ డీఎన్ఏ దాకా పోతే పిండం ఎదుగుదల కుంటుపడొచ్చు, గర్భస్రావం ముప్పు పెరుగుతుంది.

కానీ ఎండీఏ ఇంత ఉంటే గర్భం నిలుస్తుందని చెప్పే, అందరూ ఒప్పుకున్న హద్దేమీ లేదు. రక్తంలో వచ్చిన అంకెను బట్టి అండం చుట్టూ ఉన్న ద్రవం సంగతి చెప్పలేం. వీటికంటే భార్య వయసే ఎక్కువ చెబుతుంది. డబ్బు చూసుకోవాల్సి వస్తే నేనైతే వీటిని పక్కన పెడతాను. గర్భస్రావాలు పదేపదే అవుతుంటే మాత్రం వీర్యకణాల డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష (డీఎన్ఏ ఎంత తెగిపోయిందో చూసేది) గురించి డాక్టరును అడగండి.

ఇక ఈ దెబ్బను తగ్గిస్తాయని ఇచ్చే మాత్రలు. 2020లో వెలువడిన ఒక పెద్ద అమెరికా ట్రయల్‌లో మగవారికి జింక్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా కాన్పులు పెరగలేదు. (ఆడవారు ఫోలిక్ యాసిడ్ మానకూడదు, అది బిడ్డ వెన్నుపాము కోసం.) సిగరెట్, గుట్కా మానడం, వేరికోసీల్ (వృషణాల దగ్గరి సిరలు ఉబ్బడం) ఉందేమో చూపించుకోవడం మేలు. వీర్యకణం తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, ఇవాళ సిగరెట్ మానినా తేడా కనిపించేది మూడు నెలలకే.