మా వాణ్ణి రిలీవర్‌ని చేశారు, కాలేజీ వద్దంటున్నాడు, ఏం చేయాలి?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా అబ్బాయికి 17 ఏళ్ళు, హైస్కూల్ జూనియర్ ఇయర్, చిన్నప్పటి నుంచి బేస్‌బాల్ పిచరే (బంతి వేసేవాడు). ఈ సీజన్‌లో కోచ్ మ్యాచ్ మొదట్నుంచి వేసే స్టార్టర్‌గా తీసేసి, మధ్యలో వచ్చి అతని బదులు వేసే రిలీవర్‌గా పెట్టాడు. వాడికి అదే నచ్చింది, కాలేజీ వద్దు, ప్రొఫెషనల్ అవుతా అంటున్నాడు. వాళ్ళమ్మ అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. రిలీవర్ అంటే ఎక్స్‌ట్రా ప్లేయరే కదా, దాంతో బతుకు గడుస్తుందా?"

నమస్తే అండి. ముందు ఆ ఎక్స్‌ట్రా ప్లేయర్ అన్న మాట వాడి ముందు మాత్రం అనకండి, అది నిజం కాదు. మేజర్ లీగ్, అంటే ఇక్కడి టాప్ ప్రొఫెషనల్ లీగ్, ఒక్కో టీమ్‌లో 26 మంది ఉంటే పిచర్లు 13 మంది దాకా ఉంటారు, అందులో ఐదుగురు స్టార్టర్లు పోగా మిగిలిన ఏడెనిమిది మందీ రిలీవర్లే. మన క్రికెట్ లెక్కలో చెప్పాలంటే మ్యాచ్ చేతిలోంచి జారిపోతున్నప్పుడు ఆఖరి ఓవర్లకి బంతి ఎవరి చేతికిస్తారో ఆ మనిషి అన్నమాట. ఎడ్విన్ డియాజ్ 2022లో మెట్స్‌తో ఐదేళ్ళకి 102 మిలియన్ డాలర్లకి, జాష్ హేడర్ 2024లో ఆస్ట్రోస్‌తో ఐదేళ్ళకి 95 మిలియన్లకి సైన్ చేశారు, ఇద్దరూ రిలీవర్లే.

కానీ మీ వాడికి అసలు చెప్పాల్సిన విషయం ఇంకోటి ఉంది. ఆ డియాజ్, ఆ హేడర్, వాళ్ళకంటే ముందు 652 సేవ్‌లు (ఆఖర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడి టీమ్‌ని గెలిపించడం) చేసి 2019లో ఒక్క ఓటు కూడా తగ్గకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళిన మరియానో రివేరా, ముగ్గురూ మైనర్ లీగ్‌లో, అంటే మేజర్ లీగ్‌కి కింది మెట్లలో, స్టార్టర్లుగానే పెరిగారండి. రివేరా అయితే 1995లో యాంకీస్‌కి స్టార్టర్‌గానే వచ్చాడు, అక్కడ సరిగ్గా కుదరకే బుల్‌పెన్‌కి, అంటే రిలీవర్లు కూర్చుని వార్మప్ చేసే చోటికి, మారాడు. అంటే రిలీవర్ అనేది చాలామందికి 22, 23 ఏళ్ళప్పుడు క్లబ్ తీసుకునే నిర్ణయం, 17 ఏళ్ళకి పిల్లాడు ఎంచుకునే కోర్స్ కాదు. ఇప్పుడే ఒక ఇన్నింగ్స్‌కి (మేజర్ లీగ్ మ్యాచ్‌లో తొమ్మిది ఉంటాయి) పరిమితం అయిపోతే ఫాస్ట్‌బాల్, స్లైడర్ రెండిటితోనే నెట్టుకొచ్చేస్తాడు, మూడో బంతి నేర్చుకునే అవసరమే రాదు, రేపు కాలేజీ కోచ్ వచ్చి చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి స్లోగా వచ్చే బంతి) చూపించు అంటే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే మీరు కోచ్‌ని గొడవగా కాదు, మామూలుగా కూర్చుని అడగండి, టీమ్‌కి అవసరమై పెట్టారా లేక మూడు నాలుగు ఇన్నింగ్స్ అయ్యేసరికి వాడి బంతి స్పీడ్ పడిపోతోందా, కంట్రోల్ పోతోందా అని. టీమ్ అవసరమే అయితే సమ్మర్ బాల్‌లో, అంటే వేసవి టీమ్‌లో, వాణ్ణి స్టార్టర్‌గా వేయించండి.

ఇక డబ్బు. మేజర్ లీగ్‌లో కనీస జీతం 2026కి 7,80,000 డాలర్లు, కానీ పైన ఉన్న రోజులకే లెక్క, రోజుకి సుమారు 4 వేలు. కింద మైనర్ లీగ్‌లో 2023 అగ్రిమెంట్ ప్రకారం మొదలైన జీతాలు మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉన్న డబుల్ ఏలో ఏడాదికి 30,250, ఒక్క మెట్టు కింద ఉన్న ట్రిపుల్ ఏలో 35,800. రిలీవర్లని పైకీ కిందకీ తిప్పడం ఎక్కువ, నిన్న రాత్రి రెండు ఇన్నింగ్స్ వేసి అలసిపోయాడనుకోండి, పొద్దున్నే కొత్త చేయి కావాలని వాణ్ణి ఆర్లింగ్టన్‌లోని మేజర్ లీగ్ టీమ్ రేంజర్స్ నుంచి రౌండ్ రాక్‌లోని వాళ్ళ ట్రిపుల్ ఏ టీమ్‌కి పంపించేస్తారు, బాగా వేసినా సరే. ఒక సీజన్‌లో ఐదు సార్లకి మించి పంపకూడదని 2022 నుంచి రూల్ ఉంది, అంటే ఐదు సార్లు పంపొచ్చనే కదా. జీతం మీద బేరమాడే హక్కు రావడానికి మామూలుగా మూడేళ్ళ సర్వీస్, నచ్చిన టీమ్‌కి వెళ్ళే స్వేచ్ఛకి ఆరేళ్ళు పడుతుంది.

మోచేయి గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నాకు భయమంతా అక్కడే. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ వాళ్ళే పిచర్ల గాయాల మీద పెద్ద రిపోర్ట్ ఇచ్చారు, ప్రతి బంతీ ఫుల్ స్పీడ్‌లో వేయాలన్న తపనే ముఖ్య కారణాల్లో ఒకటని అందులో ఉంది, రిలీవర్ పనే అది. టామీ జాన్ సర్జరీ, అంటే మోచేతి లిగమెంట్ ఆపరేషన్, అయితే తిరిగి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. కుర్రాళ్ళ చేయి కాపాడ్డానికి పెట్టిన పిచ్ స్మార్ట్ గైడ్‌లైన్స్‌లో 17, 18 ఏళ్ళ వాళ్ళు ఒక రోజులో 31 నుంచి 45 బంతులు వేస్తే ఒక రోజు రెస్ట్, 46 నుంచి 60 అయితే రెండు రోజులు. అవి మ్యాచ్‌లో వేసిన బంతులు మాత్రమేనండి, బుల్‌పెన్‌లో వార్మప్‌కి వేసేవి ఆ లెక్కలోకి రావు! లేచి 25 బంతులు వేస్తాడు, కోచ్ వద్దులే అంటాడు, కూర్చుంటాడు, మళ్ళీ లేపుతారు ఇంకో 20, చివరికి మ్యాచ్‌లో 12 బంతులే వేసినా స్కోర్‌బుక్‌లో 12 అనే ఉంటుంది, చేతికి మాత్రం 57 పడ్డాయి. మీరు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇవన్నీ రాయండి, ప్లీజ్. ఏడాదిలో నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ ఆపాలి, అందులో వరసగా రెండు మూడు నెలలు బంతి విసరడమే పూర్తిగా మానేయాలి, ట్రావెల్ టీమ్ వాళ్ళు ఎంత ఒత్తిడి చేసినా సరే.

కాలేజీ వద్దు అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. క్లబ్బులు ఏటా కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లే, 2019 దాకా 40 ఉండేవి. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడేళ్ళు అయ్యాకో 21 నిండాకో మళ్ళీ డ్రాఫ్ట్‌కి వెళ్ళొచ్చు, జూనియర్ కాలేజీ అయితే ఇంకా ముందే. ఒకవేళ హైస్కూల్ నుంచే మంచి రౌండ్‌లో తీసుకుంటే కాంట్రాక్ట్‌లో కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్ రాయించుకోండి, ఆట మానేశాక చదువు ఖర్చు క్లబ్ ఇస్తుంది, కానీ మానేసిన రెండేళ్ళలోపు చదువు మొదలుపెట్టాలి, ఈ రెండేళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు. మనవాళ్ళలో ఉదాహరణ కావాలంటే కుమార్ రాకర్ ఉన్నాడు, తల్లి తరఫున భారతీయ మూలాలు, వాండర్‌బిల్ట్‌లో చదివాడు. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకుని మెడికల్ చూశాక సైన్ చేయలేదు, తర్వాతి ఏడాది రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకున్నారు, 2023లో మోచేతికి సర్జరీ, 2024లో మీ ఫ్రిస్కో టీమ్‌కి కూడా వేసి సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌కి వెళ్ళాడు. అతను స్టార్టరే, అయినా దారి ఎన్ని మలుపులు తిరుగుతుందో మీ ఇంటావిడకి కూడా చెప్పండి.

ఒక పని చేయండి. మీ ఊళ్ళోనే రఫ్‌రైడర్స్ ఆడతారు, డబుల్ ఏ టీమ్, ఆ స్టేడియంలో బుల్‌పెన్లు జనం సీట్ల మధ్యలోనే ఉంటాయి. అక్కడ దగ్గర సీట్లు తీసుకుని మీరూ, మీ అబ్బాయీ, వాళ్ళమ్మగారూ ముగ్గురూ వెళ్ళండి. ఆటని కాదు, ఆ కుర్రాళ్ళని చూడండి, ఆరు ఇన్నింగ్స్ ఊరికే కూర్చుని ఫోన్ మోగగానే ఎలా లేస్తారో, లేచి చేయి వేడి చేసుకున్నాక వద్దంటే మళ్ళీ ఎలా కూర్చుంటారో. తిరిగొచ్చేటప్పుడు కార్లో మీ వాడు ఏమన్నాడో నాకు రాయండి, కోచ్ చెప్పిన కారణం కూడా రాస్తే ఏ కాలేజీలకి వీడియో పంపాలో అప్పుడు కూర్చుని చూద్దాం.