నల్గొండోళ్లకు డాలస్ ఎండ ఒక లెక్కా?

ఎండలు ముదిరినప్పుడు నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే మాట: "అన్నా, మేం నల్గొండోళ్లం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ చూసినోళ్లం. డాలస్ ఎండ మాకొక లెక్కా?" నేనూ దేవరకొండ దగ్గర పుట్టినవాడినే. పదహారేళ్ల కింద ఇదే ధీమాతో అమెరికాలో, ఈ డాలస్‌లో దిగాను.

లెక్కే తమ్మీ. 2011లో ఇక్కడ వరసగా 40 రోజులు పగటి వేడి 100 ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. 1980 జూన్‌లో 113 దాకా పోయింది, అంటే మన లెక్కలో 45 సెల్సియస్. దాదాపు మన ఊరి మే నెలే. అయితే ఊళ్లో మనకు ఎండంటే భయం ఉండేది. పొద్దున ఐదింటికి చేనుకు పోయినవాళ్లు పదింటికల్లా ఇల్లు చేరేవాళ్లు. తలకు తువ్వాల, కడుపులో జొన్న అంబలి, పక్కన సల్ల చెంబు, మధ్యాహ్నం వేపచెట్టు కింద నులక మంచం. అంత జాగ్రత్తపడే జనంలోనే 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఇక్కడికొచ్చాక మనం ఆ జాగ్రత్తలన్నీ వదిలేసి, కారు లేదని సాయంత్రం ఐదింటికి కూరగాయలకు నడిచి బయల్దేరతాం.

ఆ ఐదింటి దగ్గరే కొత్తవాళ్లు మోసపోతారు. మన ఊళ్లో పొద్దు నడినెత్తికి వచ్చేది పన్నెండు దాటిన కాసేపటికి. ఇక్కడ ఎండాకాలం గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి అది ఒకటిన్నరకు. అసలు మంట నాలుగు నుంచి ఆరు మధ్యలో. జూన్, జూలైలో పొద్దు గుంకేది ఎనిమిదిన్నరకు. నడక, సామాను, పిల్లల పార్కు, ఏదైనా పొద్దున్నే కానివ్వండి. సాయంత్రం పార్కులో జారుడుబండను ముందు మీ చేత్తో తాకి చూడండి, తర్వాతే పిల్లను ఎక్కించండి.

ఇంకొక సంగతి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఏసీలో కూర్చుంటే ఆ అలవాటు కొన్ని వారాల్లోనే పోతుంది. హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఏసీ ఆఫీసులో చేసి వచ్చినవాడికి పుట్టిన జిల్లా ఏం సాయం చేయదు.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలతోనే. మా నాన్న వచ్చిన మొదటి జూలైలో ఒకరోజు ఆఫీసు నుంచి ఇంటికొస్తే గది వేడి చూపే థర్మోస్టాట్ మీద 93 ఫారెన్‌హీట్ కనబడింది. కరెంటు బిల్లు దండగని పొద్దున మేం పోగానే ఏసీ బంద్ చేసి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ కింద పడుకున్నాడు. "నాన్నా" అని లేపితే నన్ను చనిపోయిన మా చిన్నాయన పేరుతో పిలిచి, "ఎడ్లకు నీళ్లు పెట్టినవా?" అన్నాడు. నిద్రమత్తు అనుకుని రెండు నిమిషాలు ఊరుకున్నాను. ఆ రెండు నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ఒళ్లు కాలిపోవడం వడదెబ్బ గుర్తులు. చెమట పట్టినా సరే, పట్టకపోయినా సరే, వెంటనే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కు ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు వదులు చేసి ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడపండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐస్ పెట్టండి. సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. డోలో వేస్తే దిగే జ్వరం కాదిది. బిల్లు ఎంతొస్తుందో అని ఆగొద్దు. విజిటర్ ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే కొనండి.

గది వేడి 90 ఫారెన్‌హీట్ దాటాక ఒక్క ఫ్యాన్‌ను నమ్ముకోవద్దు, అది వేడి గాలినే మీదికి కొడుతుంది. ఏసీ 78 మీద పెట్టి వదిలేయండి, బిల్లు మరీ గుండె ఆగేంత రాదు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ గోళీలు వాడేవాళ్లు ఎండల్లో ఎలా ఉండాలో ఊళ్లోనే డాక్టర్ను అడిగి రావాలి. ఇన్సులిన్ కారులో మర్చిపోతే పాడైపోతుంది. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు: ఆపిన కారులో ఇరవై నిమిషాల్లోనే వేడి దాదాపు 16 సెల్సియస్ పెరుగుతుంది. అద్దం కొంచెం దించినంత మాత్రాన పెద్ద తేడా రాదు.

ఏసీ చెడిపోతే ఓనరుకు ఫోన్‌తో సరిపెట్టకుండా రాతపూర్వకంగా పంపండి. బాగయ్యేదాకా పగలు లైబ్రరీలో కూర్చోండి. ఎండ తప్పించుకుని కూర్చునే చల్లటి కేంద్రం (కూలింగ్ సెంటర్) దగ్గర్లో ఎక్కడుందో 211కు ఫోన్ చేస్తే చెప్తారు.

అమ్మానాన్నలకు ఇంట్లో ఒక పాత 4జీ ఫోన్ చార్జింగ్ పెట్టి ఉంచండి. సిమ్ లేకపోయినా 911కు కాల్ పోతుంది. కానీ అవతలివాళ్లు తిరిగి చేయలేరు, కాబట్టి అడ్రస్ చదివి చెప్పడం రావాలి. ఇంగ్లిష్ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్‌కు అతికించండి. మాది ఇంకా ఉంది. నా రాత అర్థం కావట్లేదని అపార్ట్‌మెంట్ నంబర్‌ను నాన్నే స్కెచ్ పెన్నుతో పెద్దగా దిద్దుకున్నాడు.