ఫైలు నీ దగ్గరే ఉండాలి

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

గుంటూరు బ్రాడీపేటలో గది దొరికిందని, పుస్తకాలు వేయడం మొదలుపెడతానని రాశావు. సంతోషం. ఏ కంప్యూటరు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడిగావు కదా. కంప్యూటరు సంగతి తేలిక. 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు డెస్క్‌టాప్ చాలు, మ్యాక్ జోలికి ఇప్పుడే పోకు. మిగిలిన డబ్బుతో ఒక యూపీఎస్, ఒక బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటరు తీసుకో. ఇంక్‌జెట్ వద్దు. కొన్నాళ్లు వాడకుండా వదిలేస్తే దాని హెడ్ ఎండిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది అక్షరాల దగ్గర. బెజవాడ, గుంటూరుల్లో డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాతరకం తెలుగు ఫాంట్లతోనే పని చేస్తారు. వాళ్ల వేళ్లు ఆ కీబోర్డుకి అలవాటు పడ్డాయి, పేజీలు చకచకా లేస్తాయి, అక్షరం కూడా చూడముచ్చటగా ఉంటుంది. కాదనను. కానీ ఆ ఫైల్లో కంప్యూటరుకి తెలిసిన తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లకి తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే అంతా పిచ్చి గీతలు. అందులో మాట వెతకలేవు, ఈ-బుక్ చేయలేవు, పుస్తకం గురించి ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ఒక పేరా తీసుకోలేవు. పేజ్‌మేకర్‌ని అడోబీ వదిలేసి చాలా ఏళ్లయింది. దాని బదులు అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్, ఇప్పటి వెర్షన్లలో, ఆ ఫైళ్లను తెరవను కూడా తెరవదు.

అందుకని రచయిత చేతిరాత ఇచ్చినా, వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపినా, ముందు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరయినా తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో, టైపు చేయించు. వర్డ్ అయినా సరే, ఉచితంగా వచ్చే లిబ్రెఆఫీస్ అయినా సరే. ప్రూఫులన్నీ ఆ దశలోనే దిద్దుకుని, తర్వాతే పేజీల్లోకి వెళ్లు. ఇన్‌డిజైన్ వాడితే అందులో మన లిపుల కోసం ఉన్న వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేశావో లేదో చూసుకో, లేకపోతే వత్తులు విడిపోతాయి. దాని చందా భారమనిపిస్తే పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ ఉంది. 1.5.3 వెర్షన్ నుంచి మన లిపిని సరిగ్గా కూరుస్తుంది. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి. ఫాంట్ల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర వాళ్లు తెచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అచ్చుకీ వాడుకోవచ్చు. లోపలి మేటర్‌కి మండలి, శీర్షికలకి రామభద్ర నాకు నచ్చిన జోడీ.

పాత పుస్తకం రీప్రింట్ చేస్తుంటే అను ఫైలుని యూనికోడ్‌కి మార్చాల్సి వస్తుంది. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వాటిని నమ్మి ప్రూఫు మానేయకు. అరసున్నలు, కొటేషన్ గుర్తులు, అరుదైన వత్తులు ముందు పోతాయి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో కనపడని ఒక విడదీత గుర్తు ఉంటుంది. అది పోతే టకారం కిందకి వకారం వత్తయి దూరుతుంది. ఇలాంటివి స్క్రీన్ మీద కంటికి ఆనవు. లేజర్ ప్రింటరు కొనమన్నది ఇందుకే. కాగితం మీద తీసి, కలం పట్టుకుని చదువు. చివరి ప్రూఫు నువ్వూ చూడొద్దు, రచయితా చూడొద్దు. మూడో మనిషికివ్వు.

డీటీపీ బయట ఇస్తే మొదటిరోజే నోరు విప్పి చెప్పు: ఓపెన్ ఫైలు (మళ్లీ దిద్దుకోగలిగే అసలు ఫైలు), ఫాంట్లు, బొమ్మలు, ఫైనల్ పీడీఎఫ్, అన్నీ పెన్‌డ్రైవ్‌లో నా చేతికి వచ్చాకే ఆఖరి పేమెంట్ అని. మొహమాటపడితే మూడేళ్ల తర్వాత రెండో ముద్రణకి మళ్లీ టైపు చేయించుకోవాలి. ఇంట్లో ఒక హార్డ్‌డిస్క్‌లో, ఆన్‌లైన్‌లో ఒకచోట కాపీలు పెట్టుకో.

ప్రెస్సు లెక్క ఫారాల్లో, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టల్లో, నడుస్తుంది. మామూలు నవలల సైజైన డెమీకి ఫారం అంటే సాధారణంగా 16 పేజీలు. నీ పుస్తకం 164 వచ్చిందనుకో, నాలుగు పేజీలు కుదించి 160కి తెచ్చుకో. లేదా ఖాళీలకి సిద్ధపడు. ముఖచిత్రం మాత్రం కాగితం ఖాయమయ్యాక, బైండర్ దగ్గర అదే కాగితంతో డమ్మీ (ఖాళీ నమూనా పుస్తకం) కట్టించి, స్పైన్ (పుస్తకం వీపు) కొలిచాకే ఫైనల్ చెయ్యి. వెనక అట్ట మీది చిన్న నల్లక్షరాలు ఒక్క నలుపు రంగులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అలుక్కుపోతాయి. ఇంకొకటి, కవర్‌ని వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, డాక్యుమెంట్‌గా పంపు.

పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు ఐఎస్‌బీఎన్‌కి ఎవరికీ డబ్బులివ్వకు. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. పేపర్‌బ్యాక్‌కి ఒకటి, ఈ-బుక్‌కి వేరొకటి. మార్పుల్లేని రీప్రింట్‌కి పాతదే.

పోస్టు ఖర్చు ముందే చూసుకో. రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ 2024 డిసెంబరులో ఎత్తేశారు. అప్పుడు చిన్న ప్రచురణకర్తలందరికీ టెన్షనే. 2025 మేలో పుస్తకాల కోసం తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మొదలైనప్పటి రేటు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను కాక. ట్రాకింగ్ కూడా ఉంది. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 70 గ్రాములు) కాగితం మీద 200 పేజీల డెమీ పుస్తకం రమారమి 230 గ్రాములు తూగుతుంది, ప్యాకింగ్‌తో కలిపినా 300 లోపే. 240 పేజీలు దాటితే కష్టం. కాబట్టి మందపాటి కాగితం మీద మోజు పడేముందు ఒకసారి తక్కెడ దగ్గరికి వెళ్లు.

స్టాక్ లెక్కకి ఎక్సెల్ చాలు. ఏ షాపుకి ఎన్ని కాపీలు, ఏ తేదీన, ఎంత డిస్కౌంట్ మీద ఇచ్చావో రాసుకో. బెజవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో నా మాట చెప్తాలే, కానీ వసూలుకి నువ్వే తిరగాలి.

జనవరిలో బెజవాడ బుక్ ఫెస్టివల్‌కి పుస్తకం తేవాలనుకుంటే ఫైలు నవంబరుకల్లా ప్రెస్సులో ఉండాలి. డిసెంబరులో వాళ్లకి క్యాలెండర్లు, డైరీల పని మీద పడుతుంది, నీ ఐదువందల కాపీలు పక్కకి పోతాయి. మీ అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య